ఎంసెట్ 18 వేల ర్యాంకు: వెబ్ ఆప్షన్లు ఎన్ని పెట్టాలి, ఏ కాలేజీలు, ఏ వరుసలో?

నల్గొండ_అక్క

మా తమ్ముడికి టీజీ ఎంసెట్‌లో (ఇప్పటి పేరు ఎప్‌సెట్) 18,400 చిల్లర ర్యాంకు వచ్చింది. బీసీ-డి, అబ్బాయి. నాన్న ఆదాయం సర్టిఫికెట్ లక్షన్నర లోపే ఉంది, మాది పల్లెటూరే. వాడికి సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) కావాలి, లేదంటే ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) అయినా చదువుతానంటున్నాడు. కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో వరుసగా పెట్టే వెబ్ ఆప్షన్లు 20 చాలని ఇంటర్ లెక్చరర్లు అంటున్నారు. నెట్ సెంటర్ ఆయనేమో 200 కొట్టేద్దాం అంటున్నాడు. ఎక్కువ పెడితే కింది కాలేజీలో పడేస్తారని ఇంకొకరు భయపెట్టారు. ఎన్ని పెట్టాలి, ఎలా ఎంచుకోవాలి? జేబులోంచి ఏడాదికి లక్ష దాకా పెట్టుకోగలం, అంతకు మించితే కష్టం.

లెక్కల_మాస్టారు

ఆ చివరి భయంతోనే మొదలుపెడదాం అమ్మా, ఎందుకంటే ఏటా ఎక్కువ మంది పిల్లలు నష్టపోయేది దానివల్లే.

సీట్ల కేటాయింపు ర్యాంకు వరుసలో జరుగుతుంది. మీ తమ్ముడి వంతు వచ్చేసరికి అతని కంటే ముందు ర్యాంకుల వాళ్లందరి పని అయిపోయి ఉంటుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ అతని 1వ ఆప్షన్ చూస్తుంది. అందులో ఓపెన్‌లో గానీ బీసీ-డిలో గానీ సీటు మిగిలి ఉంటే ఇచ్చేసి అక్కడితో ఆగిపోతుంది. లేకపోతే 2వది, తర్వాత 3వది. సీటు దొరికిన ఆప్షన్ కింద ఏమున్నాయో అసలు చూడదు. కాబట్టి 70వ ఆప్షన్ పెట్టడం వల్ల 7వ ఆప్షన్‌కు వచ్చే నష్టం ఏమీ లేదు. మీరు ఏ వరుసలో పెట్టారన్నది కాలేజీకి కనపడదు. "మొదటి ఆప్షన్‌గా పెట్టినవాళ్లకే ముందు ఇస్తారు" అన్న మాట కూడా తప్పే.

దీన్నుంచి రెండు పనులు తేలతాయి. వరుస పూర్తిగా ఇష్టాన్ని బట్టే ఉండాలి, "ఇది వస్తుందిలే" అన్న అంచనాను బట్టి కాదు. వస్తుందనుకున్నదాన్ని పైన పెడితే అదే వస్తుంది, దాని కింద ఉన్న మంచిది చేజారిపోతుంది. రెండోది, జాబితా కింది భాగం కచ్చితంగా సీటు వచ్చేంత లోతుకు వెళ్లాలి. సంఖ్యకు గరిష్ఠ పరిమితి లేదు.

నష్టం ఒకే ఒక్క చోట ఉంది. వచ్చినా చేరం అనుకునే కాలేజీని జాబితాలో పెట్టొద్దు. అది వస్తే మీరు ఫీజు కట్టరు, ఆన్‌లైన్ రిపోర్టింగ్ చేయరు, సీటు రద్దవుతుంది, ఒక విడత వృథా అవుతుంది.

సీటు_చూపు

మాస్టారు చెప్పిన "లోతు" ఎంతో తేల్చేది లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్, అంటే ఆ ఏడు ఒక్కో సీటు చివరగా ఏ ర్యాంకుకు పడిందో చూపే పట్టిక. కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లోనే పీడీఎఫ్ ఉంటుంది, ఎవరికీ డబ్బులు కట్టక్కర్లేదు. కాకపోతే దాన్ని చదవడంలో తప్పులు చాలా జరుగుతాయి.

మొదటి విడత స్టేట్‌మెంట్, చివరి విడత స్టేట్‌మెంట్ వేర్వేరు. చివరి విడతకల్లా కొందరు ఐఐటీ, ఎన్ఐటీలకు వెళ్లిపోతారు, ఖాళీలు వస్తాయి, కటాఫ్ (చివరి సీటు పడ్డ ర్యాంకు) కిందికి జారుతుంది, అంటే ఇంకా వెనక ర్యాంకుల వాళ్లకూ సీటు వస్తుంది. చివరి విడత అంకెలు చూసుకుని మొదటి విడత ఆప్షన్లు పెడితే అన్నీ వచ్చేటట్టే కనిపిస్తాయి. రెండూ పక్కపక్కన పెట్టుకోండి, భద్రమైన కాలేజీల లెక్కకు మాత్రం మొదటి విడతదే పట్టుకోండి.

బీసీ-డి అబ్బాయి "ఓసీ బాయ్స్", "బీసీ-డి బాయ్స్" రెండు కాలమ్‌లూ చూడాలి. ఓపెన్ సీటు కూడా అతనికి వర్తిస్తుంది కాబట్టి రెండింట్లో పెద్ద అంకె ఏదైతే అదే అతని కటాఫ్. అమ్మాయిలైతే తమ కేటగిరీలో బాయ్స్, గర్ల్స్ కాలమ్‌లు రెండూ, ఓసీవి రెండూ, మొత్తం నాలుగు చూడాలి. బాయ్స్ అని రాసి ఉన్నా అవి జనరల్ సీట్లే. అమ్మాయిలకు జి. నారాయణమ్మ, బాచుపల్లి బీవీఆర్ఐటీ లాంటి మహిళా కాలేజీలు అదనం, వాటిని మర్చిపోయేవాళ్లు చాలామంది.

గడి ఖాళీగా ఉంటే ఆ కేటగిరీలో ఆ ఏడు ఎవరికీ సీటు పడలేదని అర్థం. సీటు లేదని కాదు.

ఎస్సీ విద్యార్థులు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో వర్గీకరణ అమల్లోకి వచ్చింది: గ్రూప్-1కి 1 శాతం, గ్రూప్-2కి 9 శాతం, గ్రూప్-3కి 5 శాతం. 2024, అంతకు ముందటి స్టేట్‌మెంట్లలో ఎస్సీ అంతా ఒకటే కాలమ్. ఆ పాత అంకెలు ఇప్పుడు ఎవరికీ సరిపోవు.

అలాగే 2020, అంతకు ముందటివి ఎవరూ వాడొద్దు. అప్పట్లో ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ కలిసేది. కోవిడ్ వల్ల 2021, 2022లో కలపలేదు, 2023లో పూర్తిగా ఎత్తేశారు. ఇప్పుడంతా 160 మార్కుల పరీక్షే.

నల్గొండ_అక్క

రెండు కాలమ్‌ల సంగతి తెలియదు సార్, బీసీ-డి ఒక్కటే చూస్తున్నాం. మరి ఎంత ర్యాంకు నుంచి ఎంత ర్యాంకు దాకా ఉన్న కాలేజీలు రాసుకోవాలి?

సీటు_చూపు

18,400 అంటే 11,000 దగ్గర మూతపడ్డ సీటు నుంచి 35,000 దగ్గర మూతపడ్డదాని దాకా రాసుకోండి. అంటే మీ ర్యాంకులో 60 శాతం నుంచి సుమారు రెట్టింపు దాకా. పైన అంత దూరం ఎందుకంటే కటాఫ్‌లు ఏటా కదులుతాయి. 2024 నుంచి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యకు అనుమతులిచ్చే జాతీయ మండలి) పేరున్న కాలేజీలకు ఇన్‌టేక్, అంటే సీట్ల సంఖ్య, పరిమితి తీసేసింది. సివిల్, మెకానికల్ తగ్గించుకుని సీఎస్ఈ సెక్షన్లు పెంచుకున్న కాలేజీలు ఉన్నాయి. పోయినేడు 120 సీట్లున్న బ్రాంచి ఈ ఏడు 240 అయితే కటాఫ్ వేలల్లో కిందికి దిగుతుంది. ఈ ఏడాది సీట్ మ్యాట్రిక్స్ (ఏ కాలేజీలో ఏ బ్రాంచికి ఎన్ని సీట్లో చెప్పే పట్టిక) రాగానే ప్రతి కాలేజీ పక్కన పోయినేడు సీట్లు, ఈ ఏడు సీట్లు రాసుకోండి. ఆ తేడా చూసినవాళ్లకే పైన అనుకోని సీటు దొరుకుతుంది.

ఈ పట్టీలో మీకు నచ్చనివి, దూరమైనవి, ఫీజు మించినవి కొట్టేస్తే 60 నుంచి 90 మిగులుతాయి. నా లెక్కలో ఈ ర్యాంకుకు అదే సరైన సంఖ్య. అందులో 15, 20 ఆశ పెట్టుకునేవి, సగం దాకా 15,000 నుంచి 24,000 మధ్యవి, మిగతావి 24,000 దాటినవి ఉండాలి.

ట్వంటీ_చాలు

ఇన్నెందుకండీ? జాగ్రత్తగా ఎంచుకుంటే 25 సరిపోతాయి. పిల్లాడికి 80 కాలేజీలలో తేడా ఏం తెలుస్తుంది?

లెక్కల_మాస్టారు

80 కాలేజీలు కాదండీ, 80 కాలేజీ-బ్రాంచి జంటలు. ఒక్కో కాలేజీలో సీఎస్ఈ, సీఎస్ఎం (ఏఐ, మెషిన్ లెర్నింగ్), సీఎస్‌డీ (డేటా సైన్స్), ఐటీ, ఈసీఈ అని అయిదు తీసుకుంటే 16 కాలేజీలకే 80 అవుతాయి. 25 అంటే అయిదు కాలేజీలే. ఆ అయిదూ 18 వేల దగ్గరే మూతపడేవైతే, కటాఫ్ ఒక్క వెయ్యి పైకి కదిలినా మొదటి విడతలో ఏ సీటూ రాదు. రెండో విడతలో ఉండేవి మిగిలినవీ, ఇతరులు వదులుకున్నవీ మాత్రమే.

200 కూడా అక్కర్లేదు. 18,400 ర్యాంకుకు 90 వేల దగ్గర మూతపడ్డ కాలేజీ రాయడం వృథా. అది నెట్ సెంటర్‌కు పని తప్ప మీకు ఉపయోగం లేదు.

ట్వంటీ_చాలు

జంటల లెక్కన అయితే ఒప్పుకుంటాను. నేను కాలేజీల సంఖ్య అనుకున్నాను.

ఫీజుల_పద్దు

ఏడాదికి లక్ష అన్నారు కదా, దాన్ని జల్లెడలో ముందే వేయాలి.

తెలంగాణలో బీసీ, ఈబీసీలకు ర్యాంకు 10,000 లోపు ఉంటేనే పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్. దాటితే 35,000 వరకే, మిగతాది మనమే కట్టాలి. ఎస్సీ, ఎస్టీలకు ఈ ర్యాంకు షరతు లేదు. బీసీ, ఈబీసీలకు ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు.

2022-25 కాలానికి ఖరారు చేసిన ఫీజుల్లో కనిష్ఠం 45,000, ఎంజీఐటీకి 1,60,000. 2025-26లోనూ ఆ ఫీజులే నడిచాయి, కొత్త జీవో వచ్చిందేమో ఆప్షన్లకు ముందు చూసుకోండి. ఫీజు 1,40,000 అయితే 35,000 పోను ఏడాదికి 1,05,000, నాలుగేళ్లకు 4,20,000. దీనికి బస్సు గానీ హాస్టల్ గానీ, పరీక్ష ఫీజులు, ఇతర ఫీజులు కలపాలి. హైదరాబాద్ శివారు కాలేజీకి నల్గొండ నుంచి రోజూ రాలేడు కాబట్టి హాస్టల్ తప్పదు. అంటే మీ లక్షలో హాస్టల్ కూడా ఉండాలంటే ట్యూషన్ ఫీజు 70, 80 వేలు దాటకూడదు.

రీయింబర్స్‌మెంట్ డబ్బు విడుదల ఆలస్యమైనప్పుడు ముందు మీరే కట్టండని అడిగే కాలేజీలు ఉంటాయి. సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు ఆ బాకీ చూపిస్తారు. ఆ 35,000 కూడా చేతిలో కొంత పెట్టుకోవడం మంచిది.

ఇందుకే యూనివర్సిటీ కాలేజీలు మీ జాబితాలో పైన ఉండాలి. జేఎన్టీయూకి నాచుపల్లి, మంథని, సుల్తాన్‌పూర్, సిరిసిల్ల, వనపర్తి, పాలేరులో కాలేజీలున్నాయి. మీ ఊరి పక్కనే పానగల్‌లో మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, ఇంటి నుంచే వెళ్లి రావచ్చు. అయితే యూనివర్సిటీల్లో కూడా సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులుంటాయి, వాటి ఫీజు వేరు. కోడ్ చూడకుండా "జేఎన్టీయూ" అన్న పేరు చూసి టిక్కు పెట్టొద్దు. జేఎన్‌టీహెచ్ కోడ్ నాలుగేళ్ల బీటెక్. జేఎన్‌టీహెచ్ఎంటీ అంటే అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంటెక్, సెల్ఫ్ ఫైనాన్స్.

కోడ్_చూడండి

పేర్ల గందరగోళం గురించి ఫీజుల_పద్దు గారి మాటకు కొనసాగింపు. సీఎంఆర్ పేరుతో కాలేజ్ ఆఫ్ ఇంజినీరింగ్ అండ్ టెక్నాలజీ, టెక్నికల్ క్యాంపస్, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, ఇంజినీరింగ్ కాలేజ్ అని నాలుగున్నాయి. బీవీఆర్ఐటీ నర్సాపూర్‌లో ఒకటి, బాచుపల్లిలో మహిళలకు ఒకటి. కటాఫ్‌లు, ఫీజులు అన్నీ వేరు. కాగితం మీద కాలేజీ పేరు కాదు, కోడ్ రాసుకోండి.

అనురాగ్, ఎస్ఆర్, మహీంద్రా లాంటివి ప్రైవేట్ యూనివర్సిటీలు. తెలంగాణలో అవి కన్వీనర్ కోటాలో (ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా నింపే సీట్లలో) కనిపించవు, విడిగా దరఖాస్తు చేసుకోవాలి.

సర్క్యూట్_పక్షం

సీఎస్ఈనా ఈసీఈనా అన్నది ఎవరూ ముట్టుకోలేదు. నా అభిప్రాయం: పేరులో సీఎస్ఈ ఉందని సెక్షన్ల మీద సెక్షన్లు తెరిచిన కాలేజీ కంటే, నిలకడగా నడుస్తున్న కాలేజీలో ఈసీఈ మేలు. క్యాంపస్‌కు వచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాలావరకు ఈసీఈ, ఈఈఈ వాళ్లనూ పరీక్షకు రానిస్తాయి. చిప్ డిజైన్ వైపు వెళ్లాలంటే ఈసీఈయే దారి.

కాలేజీని అంచనా వేయడానికి ఒక లెక్క చెబుతాను. సీఎస్ఈ, సీఎస్ఎం, సీఎస్‌డీ, ఐటీ కలిపి ఏడాదికి 900 సీట్లున్నాయనుకోండి. నాలుగేళ్లకు 3,600 మంది. 20 మందికి ఒక అధ్యాపకుడు అన్న లెక్కన 180 మంది కావాలి. కాలేజీ వెబ్‌సైట్‌లో ఆ విభాగాల అధ్యాపకుల జాబితా తెరిచి పేర్లు లెక్కపెట్టండి. 90 మందే ఉంటే క్లాసులు ఎలా నడుస్తాయో అర్థమవుతుంది. అందులో పోయినేడే చేరినవాళ్లు ఎంతమందో కూడా చూడండి.

ఎన్‌బీఏ (కోర్సుల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు కాలేజీకి కాదు, కోర్సుకు ఇస్తారు. గోడ మీద ఎన్‌బీఏ అని రాసి ఉంటే ఏ బ్రాంచికి, ఏ తేదీ దాకా అని ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. ఈసీఈకి ఉండి సీఎస్ఎంకు లేకపోవడం మామూలే, కొత్త కోర్సులో కనీసం రెండు బ్యాచ్‌లు బయటికి రావాలి.

ప్లేస్‌మెంట్ల విషయంలో అత్యధిక ప్యాకేజీ అడగొద్దు. మీ బ్రాంచిలో అర్హులు ఎంతమంది, ఉద్యోగం వచ్చిన విద్యార్థులు ఎంతమంది, మధ్యస్థ జీతం ఎంత అని అడగండి. ఒక్కడికి మూడు ఆఫర్లు వస్తే మూడు ప్లేస్‌మెంట్లుగా రాసుకుంటారు, అందుకే ఆఫర్ల సంఖ్య కాకుండా విద్యార్థుల సంఖ్య అడగాలి.

సీఎస్ఈ_వాది

ఈసీఈ మాటతో కొంతవరకే ఏకీభవిస్తాను. కుర్రాడికి కోడింగ్ ఇష్టమైతే నాలుగేళ్లు సిగ్నల్స్, విద్యుదయస్కాంత తరంగాలు చదివించి చివర్లో సాఫ్ట్‌వేర్ పరీక్ష రాయించడం అతనికి రెండింతల బరువు. సీఎస్ఎం, సీఎస్‌డీలు మొదటి రెండేళ్లు దాదాపు సీఎస్ఈ సిలబస్సే. కాబట్టి ఒకే కాలేజీలో సీఎస్ఈ, ఐటీ, సీఎస్ఎం, సీఎస్‌డీ నాలుగూ వరుసగా పెట్టి, ఆ తర్వాత ఈసీఈ. కాలేజీ బాగా పైస్థాయిదైతే దాని ఈసీఈని కింది కాలేజీ సీఎస్ఈ కంటే ముందు పెట్టొచ్చు.

లెక్కల_మాస్టారు

ఈ తగువు మీ ఇంట్లో తేల్చుకునే పద్ధతి ఇదీ. ప్రతి జంటను ఒక చీటీ మీద రాయండి: కోడ్, బ్రాంచి, పోయినేటి కటాఫ్, జేబులోంచి కట్టాల్సిన డబ్బు. రెండు చీటీలు తమ్ముడి ముందు పెట్టి "ఈ రెండు సీట్లూ వచ్చాయి, ఏది తీసుకుంటావ్?" అని అడగండి. ఎంచుకున్నది పైన, రెండోది కింద. కొత్త చీటీని పై నుంచి ఒక్కోదానితో పోల్చుకుంటూ దాని చోట దూర్చండి. కటాఫ్ అంకె పక్కనే ఉన్నా ఈ పోలికలో దాన్ని చూడొద్దు. అది చీటీ ఉండాలా వద్దా అని తేల్చడానికే.

ఖమ్మం_కుర్రాడు

నా ర్యాంకు 62 వేలు, ఓసీ. ఇదే లెక్క నాకూ పనికొస్తుందా అన్నా?

సీటు_చూపు

కొంచెం మారుతుంది తమ్ముడూ. ఈ ర్యాంకులో కటాఫ్‌లు ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ 10, 15 వేలు ఊగుతాయి. కాబట్టి 35,000 నుంచి పెట్టు, కింద చివరిదాకా వెళ్లు. 100 నుంచి 150 జంటలు అవుతాయి. ఖమ్మం, వరంగల్, కరీంనగర్ జిల్లాల కాలేజీలు కూడా కలుపుకో. ఈడబ్ల్యూఎస్‌కు (ఆర్థికంగా బలహీన వర్గాల కోటాకు) అర్హత ఉంటే ఈ ఆర్థిక సంవత్సరం సర్టిఫికెట్టే తీసుకో, పోయిన మార్చిలోది చెల్లదు.

వైజాగ్_అమ్మ

మా అమ్మాయి ఏపీలో చదివింది. హైదరాబాద్ కాలేజీలు పెట్టుకోవచ్చా?

కోడ్_చూడండి

కన్వీనర్ కోటాలో ఇదివరకు 15 శాతం అన్‌రిజర్వ్‌డ్ సీట్లకు ఏపీ పిల్లలు పోటీ పడేవాళ్లమ్మా. 2025లో నిబంధన మారింది, తెలంగాణలో పదేళ్లు ఉన్నవాళ్లకూ, అక్కడ ప్రభుత్వోద్యోగం చేసేవాళ్ల పిల్లలకూ తప్ప మిగతావాళ్లకు ఆ దారి లేదు. మేనేజ్‌మెంట్ కోటా వేరే సంగతి. ఏపీ ఎంసెట్ కౌన్సెలింగ్‌లో అయితే విట్-ఏపీ, ఎస్ఆర్ఎం-ఏపీ లాంటి ప్రైవేట్ యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లు కన్వీనర్ ద్వారా వస్తాయి, వాటిని తప్పకుండా చూడండి.

ఫారం_నింపేవాడు

ఇక ఆప్షన్లు ఎక్కించే పని. ముందు స్లాట్ బుక్ చేసుకుని సర్టిఫికెట్ల పరిశీలన పూర్తి చేసుకోవాలి. ఫీజు ఓసీ, బీసీలకు 1,200, ఎస్సీ, ఎస్టీలకు 600. 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, జనవరి 1 తర్వాత తీసుకున్న ఆదాయం సర్టిఫికెట్ ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ఆదాయం సర్టిఫికెట్ పాతదైతే రీయింబర్స్‌మెంట్ లెక్క తప్పుతుంది, అలాట్‌మెంట్‌లో మొత్తం ఫీజు చూపిస్తుంది.

ఆప్షన్ల పేజీలో ముందు జిల్లాలు ఎంచుకోవాలి, అప్పుడే ఆ జిల్లాల కాలేజీలు తెర మీదికి వస్తాయి. మీరు మేడ్చల్, రంగారెడ్డి ఎంచుకుని సంగారెడ్డి మర్చిపోతే సుల్తాన్‌పూర్ కనిపించనే కనిపించదు. ప్రతి కాలేజీ పక్కన బ్రాంచిల గళ్లుంటాయి, గడిలో వరుస సంఖ్య కొట్టాలి. ఒకరు కాగితం చూసి కోడ్ చదువుతూ ఉంటే ఇంకొకరు కొట్టండి. 12 కొట్టాల్సిన చోట 2 పడితే వచ్చే సీటే మారిపోతుంది. పది పది ఎక్కించాక సేవ్ చేయండి, సెషన్ ఆగిపోతే సేవ్ చేయనివి పోతాయి. చివర్లో ప్రింట్ తీసి చీటీల వరుసతో ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకోండి.

పాస్‌వర్డ్, ఓటీపీ నెట్ సెంటర్‌కు గానీ "ఆప్షన్లు మేం పెట్టిస్తాం" అనే కాలేజీ మనుషులకు గానీ ఇవ్వొద్దు. వాళ్ల కాలేజీ పైకి ఎక్కి కూర్చుంటుంది. 2025లో అసలు కేటాయింపుకు ముందు మాక్ అలాట్‌మెంట్ ఇచ్చి మార్చుకోవడానికి గడువిచ్చారు. ఈసారీ ఉంటే, మాక్‌లో వచ్చిన సీటు పైన ఉన్నవి తీసేయొద్దు. అసలు కేటాయింపులో అవి రావచ్చు.

నల్గొండ_అక్క

చీటీలు రాయడం మొదలుపెట్టాం, 74 అయ్యాయి. ఇంకొక్క సందేహం. మొదటి విడతలో ఏదో ఒక సీటు వస్తే, రెండో విడతలో మళ్లీ ఇవే 74 పెట్టాలా?

లెక్కల_మాస్టారు

మొదటి విడతలో వచ్చిన సీటుకు గడువులోగా ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయండి, లేకపోతే అది పోతుంది. పాత ఆప్షన్లు రెండో విడతకు పనికిరావు, కొత్తగా పెట్టాలి. కానీ 74 కాదు. ఉదాహరణకు 31వది వచ్చిందనుకుంటే 1 నుంచి 30 దాకా ఉన్నవే పెట్టండి. 32 నుంచి కింద ఒక్కటి కూడా పెట్టొద్దు. రెండో విడతలో కొత్త సీటు పడిందంటే పాతది దానంతటదే రద్దవుతుంది, దాన్ని తిరిగి ఇవ్వరు. వచ్చినదే చాలనుకుంటే అసలు ఆప్షన్లే పెట్టొద్దు.

ఫారం_నింపేవాడు

చివరి విడత తర్వాత అదే కాలేజీలో బ్రాంచి మార్చుకునే అవకాశం కూడా ఉంటుంది, దాన్ని ఇంటర్నల్ స్లైడింగ్ అంటారు. అది కన్వీనర్ వెబ్‌సైట్‌లో అయితేనే చేయండి. స్పాట్ అడ్మిషన్‌లో (మిగిలిన సీట్లను కాలేజీయే నింపుకునే పద్ధతిలో) చేరితే మాత్రం రీయింబర్స్‌మెంట్ రాదు, ఆ 35,000 కోసం చూసుకునేవాళ్లు దాని జోలికి వెళ్లొద్దు. తమ్ముడు జేఈఈ మెయిన్ కూడా రాసి ఉంటే జోసా (ఐఐటీ, ఎన్ఐటీల సీట్ల కేటాయింపు) ఆఖరి రౌండ్, ఆ తర్వాత సీశాబ్ (ఎన్ఐటీల్లో మిగిలిన సీట్ల కేటాయింపు) ఫలితాలు చూసుకునేదాకా ఒరిజినల్ టీసీ ఏ ప్రైవేట్ కాలేజీకీ ఇవ్వకండి.

నల్గొండ_అక్క

మెయిన్ రాశాడు కానీ ఎన్ఐటీ వచ్చే ర్యాంకు కాదు. సరే సార్, సంగారెడ్డి జిల్లా మేమూ మర్చిపోయాం, అవి కలుపుతున్నాం. ఫీజు 80 వేలు దాటిన తొమ్మిది చీటీలు తీసేశాం. సీట్ మ్యాట్రిక్స్ వచ్చాక మార్పులుంటే జాబితా ఇక్కడ పెడతాను, ఒకసారి చూడండి.